నీలం టోపీ మనుషులు

పిల్ల దొరికింది. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది. తప్పిపోయిన పిల్ల కథ మొదలుపెట్టి, వినేవాళ్లను ఆఖరిదాకా ఉగ్గబట్టి కూర్చోబెట్టడం పాపం. దొరకడం ఒక ఎత్తు, మూడు గంటలపాటు ఎందుకు దొరకలేదన్నది ఇంకో ఎత్తు. ప్రాంప్టరమ్మకు ఇప్పటికీ ముచ్చెమటలు పోయించేది ఆ రెండోదే.

ప్రాంప్టరమ్మ అన్నది బడిలో ఆమెకు పడిపోయిన పేరు. ఆటిజం ఉన్నవాళ్లు, మాట ఆలస్యంగా వచ్చినవాళ్లు, చక్రాల కుర్చీలో తిరిగేవాళ్లు, అక్షరం ముక్క ఎక్కకపోయినా పాట ఒక్కసారి వింటే పట్టేసేవాళ్లు, ఇలా ముప్ఫై ఎనిమిది మంది చదివే బడి అది. మిగతా టీచర్లు అక్షరాలో అంకెలో చెబుతారు. ఈమె చెప్పేది మనుషుల మధ్య మసలుకోవడం. ఎదుటివాళ్లను పలకరించడం, వరసలో తన వంతు వచ్చేదాకా ఆగడం, అర్థం కానప్పుడు మళ్లీ చెప్పమని అడగడం, నచ్చనప్పుడు కొరక్కుండా ‘వద్దు’ అనడం. ఇది కూడా ఒక సబ్జెక్టేనా అని నవ్వేవాళ్లు ఉన్నారు. ఆ నవ్వేవాళ్లను కూర్చోబెట్టి పరీక్ష పెడితే సగంమందికి పాసు మార్కులు రావు.

ఆమె చిన్నతనమంతా నాటకాల మధ్యే గడిచింది. తండ్రి పగలు ఆఫీసులో గుమాస్తా, సాయంత్రాలు నాటకాల పిచ్చివాడు. తొమ్మిదో ఏట ఆమెకు వేషం కట్టించాడు. రాణిగారి చెలికత్తె. ఉన్నది ఒక్కటే మాట, రథం సిద్ధంగా ఉందని రాణిగారికి చెప్పడం. ఎదురుగా అంతమంది జనాన్ని చూసేసరికి ఆ ఒక్క మాటా గొంతులో అడ్డం పడింది. రాణిగారు నిలబడే ఉంది, రథం రానే లేదు, చివరికి తెర దించాల్సి వచ్చింది. తండ్రి తిట్టలేదు. మర్నాడు ఆమెను తెర వెనక పీట మీద కూర్చోబెట్టి, చేతిలో నాటకం ప్రతి పెట్టాడు. అక్కడ మాత్రం ఆమె పులి. ఎవరికి ఏ మాట తడబడుతుందో వాళ్లకంటే ముందే పసిగట్టి, గుసగుసగా అందించేసేది. పదహారేళ్లు అలా ప్రాంప్టరుగా ఎవరెవరి నోళ్లకో మాటలు పెట్టింది.

“అమ్మడూ, నువ్వు అందించిన మాట అవతలివాడి సొంతమైపోవాలి,” అనేవాడు తండ్రి. “జనానికి నీ గొంతు వినపడితే సగం ఓడిపోయినట్టు. వాడికి నీ అవసరమే లేకుండా పోతే గెలిచినట్టు.”

ముప్ఫయ్యొకటో ఏట ఆ బడిలో టైపిస్టుగా చేరింది. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వరసలో ఒక పిల్లాడు ముందున్నవాణ్ణి కొరకబోతుంటే, అలవాటు కొద్దీ వెనకనుంచి వాడి చెవిలో ‘నా వంతు ఎప్పుడు?’ అని అందించింది. వాడు ఆ మాట పైకి అన్నాడు. వంటావిడ ‘ఇదిగో, తర్వాత నీదే’ అంది. కొరుకుడు ఆగిపోయింది. వాడి మొహంలో కనిపించిన ఆశ్చర్యం ఆమె మరిచిపోలేదు. మాట అనేది తలుపు తీసే తాళంచెవి అని వాడికి ఆ పూటే తెలిసినట్టుంది. అదంతా గుమ్మంలోంచి చూసిన పెద్ద మేడమ్ మరుసటి నెలనుంచి ఆమె చేత టైపు మాన్పించి, వరండా చివరి గది ఇచ్చింది. ఇది ఇరవై రెండేళ్ల కిందటి మాట.

ఆ గదిలో పది కుర్చీలు రెండు వరసల్లో వేస్తే బస్సు, బల్ల అడ్డం తిప్పితే దుకాణం, అదే బల్లమీద గంట పెడితే ఆసుపత్రి కౌంటరు. ఒక ట్రంకు పెట్టెలో పాత స్టీరింగు, చేతిసంచులు, అద్దాలు లేని కళ్లజోళ్లు. తలుపు పక్కన మేకుకు ఒక నీలం టోపీ.

టోపీ కథ చెప్పాలి, ఎందుకంటే కొంప ముంచింది అదే. ఆరేళ్ల కిందట ఆమె భర్త ఇంటికి రంగులు వేయిద్దామని డబ్బాలు కొంటే, కొట్టువాడు డబ్బాతోపాటు ఒక టోపీ ఉచితంగా ఇచ్చాడు. ఉచితంగా వచ్చింది కాబట్టి భర్తగారు రెండు రోజులు కష్టపడి పెట్టుకున్నాడు. తలకు పట్టలేదు. ప్రాంప్టరమ్మ దాన్ని బడికి పట్టుకుపోయింది. అక్కడ ఆమెకు ఎప్పటినుంచో ఒక చిక్కు ఉంది. క్లాసులో కొత్త మనిషి వేషం వేయాల్సింది ఆమే. ‘నేను ఎవరో నీకు తెలియదనుకో, నన్ను సాయం అడుగు’ అంటే పిల్లలు తెల్లమొహం వేసేవాళ్లు. తెలిసిన టీచరును తెలియదని ఎలా అనుకుంటారు? అబద్ధం ఆడకూడదని చెప్పింది కూడా ఈమే కదా. టోపీ వచ్చాక ఆ బాధ తీరింది. నెత్తిన టోపీ ఉంటే కొత్త మనిషి, తీసేస్తే టీచరు. మందు వేసినట్టు పనిచేసింది. ఏడాదిగా నోరు విప్పనివాళ్లు కూడా టోపీ కనిపిస్తే చేతి దూరంలో నిలబడి, ‘ఏమండీ, ఒక్క నిమిషం’ అని మొదలుపెట్టేవాళ్లు. చూడటానికి వచ్చిన పెద్దలందరికీ ఆమె ఈ టోపీ మహిమ గురించి గొప్పగా చెప్పుకుంది. ఆ గొప్పలన్నీ తర్వాత ఒక్కొక్కటిగా గుర్తొచ్చి గుచ్చుకున్నాయి.

ఇక పిల్ల. పంతొమ్మిదేళ్లు. బడిలో అందరూ టైంటేబుల్ అంటారు. ఊళ్లో తిరిగే ప్రతి బస్సూ ఏ స్టాపుకు ఎన్నింటికి వస్తుందో, రోజూ ఎంత ఆలస్యమవుతుందో నోటికి వచ్చు. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల మొహంలోకి కాక చెవివైపు చూస్తుంది. ముట్టుకుంటే నచ్చదు. చెప్పిన నియమం మాత్రం ప్రాణం పోయినా తప్పదు. ఇంట్లో తల్లీకూతుళ్లిద్దరే. తల్లి ఇంటిదగ్గర బట్టలు కుట్టి సంసారం నెట్టుకొస్తుంది. పంతొమ్మిదేళ్లలో ఆవిడ పిల్లను ఒంటరిగా వీధి చివరిదాకా కూడా పంపలేదు.

టైంటేబుల్‌కు ఆసుపత్రి లాండ్రీలో పని దొరికే సూచనలు కనిపించాయి. దుప్పట్లు మడతపెట్టడం. అంచుకు అంచు సరిగ్గా కలవకపోతే ఆమెకు నిద్ర పట్టదు, లాండ్రీకి కావలసింది కూడా అలాంటి మనిషే. మూడు వారాలు తల్లి వెంట వెళ్లి పనిచేసింది. లాండ్రీ సూపర్‌వైజర్‌కు పిల్ల పని నచ్చింది, పొద్దుటినుంచీ గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చునే తల్లి నచ్చలేదు. అమ్మాయి తనంతట తాను వచ్చి, తనంతట తాను వెళ్లగలిగితే ఉద్యోగం ఖాయమని, లేకపోతే కుదరదని కచ్చితంగా చెప్పేశాడు. తల్లి అక్కడికక్కడే వద్దంది. ప్రాంప్టరమ్మ నాలుగు రోజులు ఆవిడ కుట్టుమిషను పక్కన కూర్చుని బతిమాలి, చివరికి తన పూచీ అని మాట ఇచ్చింది.

నాలుగు నెలలు సాధన చేయించింది. కుర్చీల బస్సు ఎక్కడం, ఏడో స్టాపులో దిగడం. దారి తప్పితే కొత్త మనిషి దగ్గరికి వెళ్లాలి. చేతి దూరంలో నిలబడాలి. వాళ్లు ఏదైనా పనిలో ఉంటే అయ్యేదాకా ఆగాలి. తర్వాత అడగాలి, కార్డు ఇవ్వాలి. కార్డు మీద ప్రాంప్టరమ్మ నంబరు. టైంటేబుల్ వందకు వంద సార్లు తప్పు లేకుండా చేసింది. ప్రతిసారీ కొత్త మనిషి ప్రాంప్టరమ్మే, నెత్తిన నీలం టోపీతో.

మొదటి ఒంటరి ప్రయాణం సోమవారం. ఎనిమిదీ ఇరవైకి బస్సు, తొమ్మిదికల్లా లాండ్రీలో ఉండాలి. తొమ్మిదీ పావుకు సూపర్‌వైజర్ ఫోను చేసి పిల్ల రాలేదన్నాడు. టైంటేబుల్ ఒక్క నిమిషం ఆలస్యమయ్యే మనిషి కాదు. ప్రాంప్టరమ్మ పిల్ల ఫోనుకు చేస్తే ఆఫ్‌లో ఉంది. పనికి వచ్చేటప్పుడు ఫోను ఆఫ్‌లో ఉండాలన్నది లాండ్రీ నియమం. పిల్ల ఇంటి గడప దాటుతూనే ఆపేసి సంచీలో వేసుకుంది, పనికి వెళ్లడం అక్కడే మొదలవుతుంది కాబట్టి.

తల్లికి చెప్పాల్సి వచ్చింది. ఫోనులో మిషను చప్పుడు వినిపిస్తూ వినిపిస్తూ ఒక్కసారిగా ఆగిపోయింది. తల్లి ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిట్టినా బాగుండేదని ప్రాంప్టరమ్మకు అనిపించింది. పదికల్లా బస్సు డిపోలో విచారిస్తే, నీళ్ల పైపుల కోసం రోడ్డు తవ్వారని, ఆ పొద్దున బస్సులన్నీ చుట్టుదారిన వెళ్లాయని తేలింది. అంటే ఏడో స్టాపు ఏడో స్టాపు కాదు. తల్లి, బంధువు ఒకాయన స్కూటరు మీద ఆ చుట్టుదారంతా గాలించడానికి వెళ్లారు. పెద్ద మేడమ్ పోలీసులకు చెప్పింది. ప్రాంప్టరమ్మ పిల్ల ఫొటో కోసం తన గదికి పరుగెత్తింది.

ఒక్కటే ఆలోచన ఆమె బుర్ర తొలిచేస్తోంది. దారి తప్పితే అడగమని నేర్పాం కదా. ఆ దారి నిండా జనమే. దుకాణాలు, బ్యాంకు, మందుల షాపు. రెండు గంటలు దాటిపోయింది. ఎవర్నో ఒకర్ని ఎందుకు అడగలేదు?

జవాబు గదిలో కనిపించింది. ఆమె లేనంతసేపూ పిల్లల్ని చూడమని బడి గుమాస్తాగారిని కూర్చోబెట్టారు. ఆయన ఆ గదికి ఎప్పుడూ రాడు. ఆయన ముందు బల్లమీద నీళ్ల కూజా ఉంది. లావు కళ్లద్దాల చిన్నదానికి దాహం వేసినట్టుంది. ఆయన ముందుకు వచ్చి నిలబడింది, ఆయన తలవైపు చూసింది, వెనక్కి తిరిగి తలుపు దగ్గరికి వెళ్లింది. కుర్చీ ఎక్కి మేకుకున్న టోపీ తీసింది. తెచ్చి గుమాస్తాగారి బట్టతల మీద పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసి, చేతి దూరం సరిచూసుకుని, అప్పుడు అడిగింది.

“ఏమండీ, ఒక్క నిమిషం. నాకు నీళ్లు కావాలి.”

గుమాస్తాగారు మురిసిపోయాడు. ఎంత మర్యాద నేర్పారండీ అని ప్రాంప్టరమ్మను మెచ్చుకున్నాడు. ఆమె చూపు ఆయన నెత్తిమీది టోపీ మీదే నిలిచిపోయింది. పిల్లలకు ఆమె నేర్పింది కొత్త మనిషిని సాయం అడగడం కాదు. నీలం టోపీని సాయం అడగడం. టోపీ లేని లోకమంతా వాళ్ల లెక్కలో ఖాళీ. ఆరేళ్లుగా ఆ గదిలోంచి బయటికి వెళ్లినవాళ్లందరూ వరసగా కళ్లముందు తిరిగారు.

వెంటనే తల్లికి ఫోను చేసి, దారిలో ఎవరైనా నీలం టోపీ పెట్టుకుని కనిపిస్తారేమో చూడమంది.

“టీచరుగారూ, నేను పిల్లని వెతకాలా, టోపీల్ని వెతకాలా?” అంది తల్లి. అంతకంటే ఆవిడ మాత్రం ఏమంటుంది.

పన్నెండూ అయిదుకు తెలియని నంబరునుంచి ఫోను వచ్చింది.

“అమ్మా, నేను పెయింటర్నండి. ఇక్కడొక అమ్మాయి కార్డు ఇచ్చి, ఈ నంబరుకి చేసిపెడతారా అని అడిగింది. దారి తప్పిందట. ఇంత నిదానంగా దారి తప్పినవాళ్లని నేనెప్పుడూ చూళ్లేదు. కంగారు పడకండి, చల్లటి నీళ్లిచ్చాను, కూర్చుంది.”

ప్రాంప్టరమ్మ నెత్తిన పాలు పోశాడు ఆ పుణ్యాత్ముడు. ఆమె ఉన్నచోటే కుర్చీల బస్సులో కూలబడి, గట్టిగా ఏడ్చింది. చక్రాల కుర్చీలో కూర్చునే కుర్రవాడు నేర్చుకున్న ప్రకారం పక్కకు వచ్చి, ‘మీకేమైనా సాయం కావాలా?’ అని అడిగాడు. అంత ఏడుపులోనూ ఆమె గమనించింది, తనకు టోపీ లేదు. అయితే తను వాడికి కొత్త మనిషి కాదు కదా, అది లెక్కలోకి రాదు. వాడికి థాంక్స్ చెప్పి, కళ్లు తుడుచుకుని, తల్లికి ఫోనులో చోటు చెప్పి ఆటో ఎక్కింది.

పొడవాటి గోదాము గోడ. సగానికి పైగా తడి ఆరని పసుపు. దాని పక్కన టైంటేబుల్ బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుని ఉంది. తల్లి అప్పటికే వచ్చేసింది. కావలించుకుంటే పిల్లకు నచ్చదు కాబట్టి, దాని సంచీ పట్టీ కొసను గుప్పిట్లో బిగించి పట్టుకుని నిలబడింది. పెయింటరు నలభై ఏళ్ల మనిషి, నెత్తిన అదే నీలం టోపీ. కొట్టువాడు డబ్బా కొన్న ప్రతివాడికీ ఇచ్చే టోపీ. రంగులు వేసేవాళ్లందరి దగ్గరా అలాంటివి నాలుగేసి ఉంటాయట.

టైంటేబుల్ తన ధోరణిలో జరిగింది చెప్పింది. ఎనిమిదీ ఇరవై బస్సు. ఏడో స్టాపులో దిగింది, అది ఏడో స్టాపు కాదు. ఎనిమిదీ యాభై ఎనిమిదినుంచి నీలం టోపీ కోసం నడిచింది. పదకొండూ పదహారుకు దొరికింది. ఆయన నిచ్చెన మీద పనిలో ఉన్నాడు. పన్నెండూ మూడుకు పని అయింది, అప్పుడు అడిగింది.

పెయింటరు తల గోక్కున్నాడు. ముప్పావుగంట తన వెనక ఒక అమ్మాయి కదలకుండా నిలబడి గోడవైపే చూస్తుంటే, గోదాము యజమాని తన తాలూకు మనిషిని కాపలా పెట్టాడనుకున్నాడట. అందుకే మధ్యలో బీడీకి కూడా దిగకుండా, ఒళ్లు దగ్గర పెట్టుకుని, ఆ ముక్కకు రెండు పూతలు బదులు మూడు పూసేశాడట. తల్లి కూడా ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఆవిడ కళ్లవెంట నీళ్లు ధారగా కారాయి.

“దారిలో అంతమంది ఉన్నారు కదే,” అంది కూతురితో. “కూడలిలో పోలీసాయన లేడా?”

“ఉన్నాడు,” అంది టైంటేబుల్. “ఆయన టోపీ తెల్లది.”

తల్లి కళ్లు తుడుచుకుని ప్రాంప్టరమ్మవైపు తిరిగింది. కోపం లేదు, అలసట ఉంది. “మీరు చేయాల్సిందంతా చేశారు టీచరుగారూ. దీనికి అంత తెలివి లేదు, అంతే. ఇక చాలు. దేవుడు పిల్లని తిరిగిచ్చాడు, అది చాలు.”

అక్కడ ప్రాంప్టరమ్మ ఊరుకుంటే సరిపోయేది. నాలుగు నెలల కష్టానికి మెప్పు తనకు, జరిగిన పొరపాటుకు నింద పిల్లకు దక్కేవి. ఎవరికీ తెలిసేది కాదు. తొమ్మిదో ఏట నాటకంలో అయినట్టే మాట మళ్లీ అడ్డం పడింది. అందించడానికి వెనక ఎవరూ లేరు.

“తప్పు పిల్లది కాదమ్మా, నాది,” అంది. “కొత్త మనిషంటే టోపీ ఉన్న మనిషని నేర్పింది నేనే. నాకే తెలియకుండా నేర్పాను. ఆరేళ్లుగా నేర్పుతున్నాను. మీ అమ్మాయి నేను నేర్పినదాంట్లో పొల్లు పోకుండా చేసింది. తెలివి చాలనిది నాకు.”

తల్లి పిల్లను ఆటో ఎక్కించింది. ఇంటి ముందు దిగాక ఒక మాట అడిగింది.

“మూడు గంటలు ఎండలో నడిచిందా, మీరు చెప్పారని?”

అవునంది ప్రాంప్టరమ్మ, తలెత్తకుండా. తల్లి పిల్లను తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఉద్యోగం సంగతి అంతటితో ముగిసిందనుకుంది ప్రాంప్టరమ్మ. సూపర్‌వైజర్‌కు ఫోను చేసి జరిగింది దాచకుండా చెప్పింది. ఆయన కాసేపు దగ్గి, నెలన్నర ఆగుతానని, అంతకు మించి ఆగలేనని అన్నాడు. ఆ రాత్రి భర్త ఏదో వేళాకోళం ఆడబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే తల్లి బడికి వచ్చింది. చేతిసంచీలోంచి కత్తెర, కుట్లు విప్పే చిన్న కొక్కెం తీసి బల్లమీద పెట్టింది.

“ఆ టోపీ ఇలా ఇవ్వండి,” అంది.

కోసి పారేస్తుందేమోనని ప్రాంప్టరమ్మ భయపడింది. ఆవిడ టోపీని వెలుగులోకి ఎత్తి, లోపలా బయటా తిప్పి, పనివాళ్లు మాత్రమే చూసే చూపు చూసింది. రాత్రంతా ఆలోచించిందట. టోపీ ఒక్కసారే లాగేస్తే పిల్ల బెదిరిపోతుంది, అన్నం కూడా మానేస్తుంది. చిన్నప్పుడు దుప్పటి మాన్పించడానికి తను ఏం చేసిందంటే, వారానికి జానెడు చొప్పున కత్తిరిస్తూ పోయింది. చేతిగుడ్డంత అయ్యాక పిల్లే పక్కన పడేసింది.

“ముందు రేకు తీసేద్దాం,” అంది ఎండ ఆపే ముందుభాగం చూపిస్తూ. “పైన ఆరు ముక్కలున్నాయి. వారానికొకటి విప్పుతాను. అంచులు పీచులేవకుండా కుడతాను. చూడటానికి బాగుండకపోతే నన్నడక్కండి.”

తండ్రి చెప్పిన సూత్రం ప్రాంప్టరమ్మకు గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ మాట అందించడమే చేసింది గానీ, అందించడం ఎప్పుడు మానాలో ఆలోచించలేదు. ఆ లెక్క బట్టలు కుట్టే మనిషి చెప్పాల్సి వచ్చింది. ఆమెకు సిగ్గు వేసింది, అంతకు రెట్టింపు తేలిగ్గా అనిపించింది.

ఆ ఆరు వారాలు ఆ గదిలో తమాషాలే తమాషాలు. ఈసారి కొత్త మనుషుల్ని నిజంగానే తెచ్చారు. పెద్ద మేడమ్ తమ్ముడు, పాలు పోసే మనిషి, తల్లి దగ్గర బట్టలు కుట్టించుకునే ఆడవాళ్లు, సెలవు దొరికినప్పుడు పెయింటరు. మొదటి వారం రేకూ, ఒక ముక్కా లేని టోపీ. టైంటేబుల్ చాలాసేపు చూసి, సరే టోపీయే అని ఒప్పుకుంది. మూడో వారానికి అది నెత్తిన బోర్లించిన సగం కొబ్బరిచిప్పలా తయారైంది. పెయింటరు దాన్ని పెట్టుకుని ఎంత గంభీరంగా నిలబడినా పెద్దవాళ్లకు నవ్వు ఆగేది కాదు. పిల్లలు నవ్వలేదు, వాళ్లకు అది పని. అయిదో వారం ఒక్క ముక్క మిగిలింది, నెత్తిన నిలవక భుజాన వేసుకోవాల్సి వచ్చింది. టైంటేబుల్ ఆ రోజు అడగలేదు. గోడవైపు తిరిగి, బస్సుల వేళలు ఒకదాని తర్వాత ఒకటి చదువుతూ గంట కూర్చుంది. తల్లి లేచి వెళ్లబోయింది. ప్రాంప్టరమ్మ ఆవిడ కొంగు పట్టుకుని ఆపింది. గంటా పది నిమిషాలకు టైంటేబుల్ లేచి వచ్చి, పాలు పోసే మనిషికి చేతి దూరంలో నిలబడి, ఆయన చెవివైపు చూస్తూ, ‘ఏమండీ, ఒక్క నిమిషం’ అంది. ఆయన భుజాన ఉన్న నీలం ముక్క అప్పటికే జారి కింద పడి ఉంది. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

చివరికి టోపీ నడినెత్తిన ఉండే గుండీ ఒక్కటి మిగిలింది, బఠాణీ గింజంత. దాన్ని తల్లి తన దగ్గరే ఉంచుకుంది.

రెండో ప్రయాణం కూడా సోమవారమే. తవ్విన రోడ్డు పూడ్చలేదు, బస్సు ఇంకా చుట్టుదారినే పోతోంది. పిల్ల బయల్దేరాక తల్లి ఇంట్లో ఉండలేక బడికి వచ్చేసింది. ఇద్దరూ కుర్చీల బస్సులో ముందు సీట్లో పక్కపక్కన కూర్చున్నారు. ఒకరికొకరు ధైర్యం చెప్పుకోవడానికి ఇద్దరి దగ్గరా అది లేదు. తొమ్మిదికి అయిదు నిమిషాలుందనగా ఫోను మోగింది. సూపర్‌వైజర్ ముక్తసరిగా, వచ్చింది, చేతులు కడుక్కుంటోంది, అని చెప్పి పెట్టేశాడు. తల్లి ఊపిరి వదిలిన చప్పుడు వరండాలోకి వినిపించి ఉంటుంది. ఆ తర్వాత ఆవిడకు ఆకలి వేసింది. రెండు రోజులుగా ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చిందట.

సాయంత్రందాకా ఆవిడ అక్కడే ఉండిపోయింది. అయిదూ పన్నెండుకు టైంటేబుల్ గదిలోకి వచ్చి, సంచీ మేకుకు తగిలించి, వరసగా అప్పజెప్పింది. బస్సులో డ్రైవరు వెనక సీట్లో ఉన్నావిడను అడిగింది, లాండ్రీకి ఎక్కడ దిగాలని. ఆవిడ చెప్పిన చోట దిగింది. ఆవిడకు టోపీ లేదు, ఎర్ర చేతిసంచీ ఉంది. దుప్పట్లు నూట నలభై రెండు మడతపెట్టింది. అన్నీ చెప్పాక, వెళ్లిపోకుండా అక్కడే నిలబడింది. ఇంకా ఏదో ఉంది.

“ఎనిమిదీ పద్నాలుక్కి, స్టాపులో ఒక ముసలావిడ నా దగ్గరికొచ్చింది,” అంది. “కంటాసుపత్రికి ఏ బస్సు ఎక్కాలమ్మా అని అడిగింది. చెప్పాను. పదిహేడో నంబరు, ఎనిమిదీ ముప్ఫై, రోజూ నాలుగు నిమిషాలు లేటు.”

“మంచిపని చేశావు,” అంది ప్రాంప్టరమ్మ.

టైంటేబుల్ చేత్తో తన తల మీద తడుముకుంది, నుదుటినుంచి వెనకదాకా. “నాకు టోపీ లేదు. స్టాపులో ఇంకా ఆరుగురున్నారు. నన్నే ఎందుకడిగింది?”

ప్రాంప్టరమ్మ నాలుగు నెలలూ ఆరు వారాలూ పిల్లకు అడగడం నేర్పింది గానీ, ఎవరైనా పిల్లను అడుగుతారన్న ఆలోచనే ఆమెకు రాలేదు. తల్లివైపు చూసింది. తల్లికీ రాలేదు.

“నీకు తెలుసుంటుందని అనిపించి ఉంటుందమ్మా,” అంది చివరికి.

టైంటేబుల్ ఆ మాటను అన్ని వైపులనుంచీ చూసింది. దుప్పటి అంచులు కలిశాయో లేదో చూసినట్టు.

“నాకు తెలుసు,” అంది.

సంచీ తీసుకుని, అయిదూ ఇరవై బస్సుకు టైమైందని చెప్పి, వాళ్లిద్దరికోసం ఆగకుండా బయటికి నడిచింది. తల్లి అలవాటు కొద్దీ వెంట పరుగెత్తబోయి, గుమ్మం దగ్గర ఆగింది. గుప్పిట్లో పొద్దుటినుంచీ పట్టుకున్న గుండీ తెచ్చి ట్రంకు పెట్టెలో పడేసి, తర్వాతి బస్సు ఎన్నింటికో ప్రాంప్టరమ్మను అడిగింది. ప్రాంప్టరమ్మకు తెలియదు. ఇద్దరూ నవ్వుకుంటూ, ఎవర్నైనా అడుగుదామని రోడ్డు మీదికి వచ్చారు.